నాలుగో డ్రమ్ము

మూడు వచ్చాయి, నాలుగోది రాలేదు. ఆ ఎండాకాలం గురించి ఎవరు అడిగినా ఇంతే చెప్తాను. అడిగేవాళ్లు కూడా పాత కారు సంగతి కోసం అడుగుతారు గాని మా సంగతి కోసం కాదు. మొయినాబాద్‌లో చేవెళ్ల రోడ్డు పక్కన రేకుల షెడ్డులో ఏళ్ల తరబడి బండ్లు బాగుచేసిన జగదీశ్ మా ఆయన. బండి ఇంకా రోడ్డు దిగకముందే చప్పుడు విని దాని రోగమేంటో చెప్తాడని అతనికి పేరు.

చలి తగ్గుతున్న రోజుల్లో అతని చేతిలోంచి పానా జారిపడడం మొదలైంది. ఆయిల్ చేతులు కదా అనుకున్నాం. తరవాత చొక్కా గుండీలు పెట్టుకోలేకపోయాడు. ఒకరోజు అన్నం ముద్ద నోటిదాకా పోకుండానే కంచంలో పడిపోయింది. అతను దాన్ని చూశాడు, నన్ను చూశాడు, ఎడమచేత్తో తినడం మొదలుపెట్టాడు.

సిటీలో పెద్ద దవాఖానలో చేతులకూ కాళ్లకూ సూదులు గుచ్చి పరీక్షలు చేశారు. డాక్టరమ్మ ఇద్దర్నీ కూర్చోబెట్టి నిదానంగా చెప్పింది. ముందు చేతులు, తరవాత కాళ్లు, తరవాత నాలుక, ఆఖరుకు ఊపిరి. నయం చేసే మందు లేదంది. జగదీశ్ వింటూ తలాడించాడు, ఎవరి బండి గురించో చెప్తున్నట్టు. బయటికొచ్చాక చాయ్ తాగుదామా అన్నాడు. గ్లాసు నేనే పట్టుకుని తాగించాను.

ఇంటికొచ్చేసరికి మా అత్తమ్మ ముత్తమ్మ గడపలో నిలబడి ఉంది.

"ఏమన్నరు కొడుకా?"

"వైరింగ్ పోయిందట అవ్వా. ఇంజన్ మంచిగనే ఉన్నదట."

"మరి కొత్త వైరింగ్ ఎయ్యరాదా?"

"ఈ మోడల్‌కు దొరకదట."

ఆమె నా ముఖంలోకి చూసింది. నేను చెప్పులు విడిచే నెపంతో వంగాను.

ఆ తరవాతి వారమే చిన్న మంగళారం నుంచి ప్రభాకర్ వచ్చాడు. ఒకప్పుడు సర్పంచ్‌గా చేసిన మనిషి. వాళ్ల నాయన కొన్న నల్లటి ల్యాండ్‌మాస్టర్ కారు, అంబాసిడర్ కంటే ముందటి కాలం బండి, ఆయన పోయినప్పటినుంచి గొడ్ల కొట్టంలో ఉండిపోయింది. దాన్ని నాకియ్యన్నా, బాగుచేసి నడిపిస్తా అని జగదీశ్ పెళ్లికి ముందునుంచీ అడుగుతున్నాడట. ప్రభాకర్ ఎప్పుడూ నవ్వి ఊరుకునేవాడు.

"చేను ఫామ్‌హౌస్ ప్లాట్లకు ఇచ్చిన జగదీశ్. మిరుగం కార్తె రాంగనే కొట్టం కూలగొడ్తరు. మా బాపు బండిని తుక్కోనికి ఇయ్య బుద్ధి అయితలేదు. నువ్వు తీస్కపోతవా?" అన్నాడు.

జగదీశ్ చేతులు ఒళ్లో తువ్వాలు కింద ఉన్నాయి. ప్రభాకర్‌కు ఏమీ తెలియదు.

"తీస్తనన్నా," అన్నాడు జగదీశ్.

ప్రభాకర్ వెళ్లిన తరవాత అడిగాను. "ఎట్ల తీస్తవ్?"

"నువ్వు తీస్తవ్. నేను చెప్త."

"నాకు సైకిల్ పంచర్ గూడ ఎయ్య రాదు."

"అదే మంచిది. పని వచ్చినోళ్లు చెప్పిన మాట ఇనరు."

అత్తమ్మ లోపలినుంచి అంతా విన్నది. "పెండ్లాం చేత సుత్తె పట్టిపిస్తవారా? నలుగురు ఏమనుకుంటరు? కడుపు నిండ తిని కంటి నిండ పండుకోరాదు," అంది. ఆ మాట కొడుకుతో అన్నా కోపం నా మీదే. ఆరోజునుంచి అవసరమైతే తప్ప నాతో మాట్లాడలేదు. నేను అజీజ్‌నగర్‌లో ఒక ఫామ్‌హౌస్‌లో వంట చేస్తాను. ఓనర్లు శని ఆదివారాలే వస్తారు. మిగతా రోజులు నాకు పొద్దున్నే తీరిక. వద్దనడానికి ఆ సాకు కూడా లేదు.

మా వాడకట్టులో ఉండే ధనరాజ్ ఆటోలో పొద్దు పొడవకముందే బయల్దేరేవాళ్లం. మొదట్లో జగదీశ్ నా భుజం పట్టుకుని కొట్టం దాకా నడిచేవాడు. లోపల దూలాలు తలకు తగిలేంత కిందికి ఉన్నాయి. కారు మీద చెత్తా, కోళ్ల రెట్టా, బానెట్ మీద ఖాళీ యూరియా సంచులు. టైర్లు గాలి పోయి బండల మీద పరుచుకున్నాయి. నేను తలుపు తెరిస్తే మూలుగుతూ సగం దాకా వచ్చి ఆగింది. లోపల ఇంకా తోలు వాసన.

ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని జగదీశ్ నాకు పాఠం చెప్పాడు. చక్రం లోపల ఇనుప డ్రమ్ము ఉంటుంది, బోర్లించిన గిన్నెలాగా. దాని లోపలి గోడకు రెండు షూలు, అంటే వంపు తిరిగిన ఇనుప పట్టీలు, ఆనితే బండి ఆగుతుంది. ఈ బండికి ఆ షూలు తుప్పుతో గోడకు అతుక్కుపోయాయి. నాలుగు చక్రాలూ కదలవు. డ్రమ్ములు ఊడదీసి, షూలు తీసేసి, ఖాళీ డ్రమ్ములు మళ్లీ పెట్టి చక్రాలు బిగిస్తే బండి దొర్లుతుంది. అప్పుడు తోసుకుంటూ వాకిట్లోకి తెచ్చి లారీ ఎక్కించొచ్చు.

"ట్రాక్టర్ పెట్టి గుంజరాదా అన్నా?" అన్నాడు ధనరాజ్.

"గుంజితే యాక్సిల్ ఇరుగుతది. ఇరిగినంక అది బండి కాదురా, తుక్కు."

మొదటిది ముందర కుడివైపు చక్రం. జాకీ ఎక్కించి, చక్రం నట్లు విప్పడానికి పొడుగు పైపు మీద నిలబడి గెంతాను. ధనరాజ్ నవ్వాడు, జగదీశ్ నవ్వలేదు. డ్రమ్ము ముఖం మీద రెండు చిన్న స్క్రూలు ఉన్నాయి. అవి రావడానికే రోజులు పట్టాయి. డీజిల్లో ఆయిల్ కలిపి చుట్టూ పోయడం, రాత్రంతా నాననివ్వడం, పొద్దున్నే వచ్చి సుత్తెతో కొట్టడం.

"ఒక్కతానే కొట్టకు. ఒక దెబ్బ ఈడ, ఒక దెబ్బ దాని ఎదురుంగ. అంచు మీద కొడితే పగుల్తది. దాన్ని కొట్టుడు కాదు, లేపుడు. నిద్రపోయినోళ్లను లేపినట్టు."

కొడుతూ ఉన్నాను. చెవులు గింగురుమన్నాయి. ఒక పొద్దున్న చప్పుడు మారింది. నాకు తెలియలేదు, జగదీశ్ కుర్చీలో ముందుకు వంగాడు.

"అగో. వదిలింది. ఇగ పుల్లర్ పెట్టు."

పుల్లర్ అంటే మూడు కొక్కేల పనిముట్టు. డ్రమ్మును మూడు వైపులా పట్టుకుని మధ్యలో మర తిప్పితే బయటికి లాగుతుంది. తిప్పాను. డ్రమ్ము ఒక్కసారి కిర్రుమని నా ఒళ్లోకి వచ్చి పడింది. వెనక్కి పడ్డాను. లోపలంతా ఎర్రటి పొడి, మధ్యలో ఎలుక ఎప్పుడో దాచుకున్న గడ్డిపోచలు.

"ఇటు తే," అన్నాడు జగదీశ్. అతని ముఖం దగ్గరికి ఎత్తి పట్టుకున్నాను. ముక్కు పెట్టి గట్టిగా వాసన చూశాడు. ముక్కు కొసకు తుప్పు అంటింది. పెళ్లి తరవాత అతను అంత సంతోషంగా ఉండగా చూసిన రోజులు లెక్కకు కొన్నే, అందులో అదొకటి. ఆరోజు ఇంటికొచ్చాక నా అరచేతుల బొబ్బలు అత్తమ్మ కంట పడ్డాయి. గిన్నెలు ఆమే తోమింది.

ఉగాది పోయింది. రెండోది కొంచెం తొందరగానే వచ్చింది. మూడోదానికి వచ్చేసరికి ఎండలు ముదిరాయి. కొట్టం రేకులు ఎనిమిదింటికే కాలిపోయేవి. జగదీశ్ ఇప్పుడు నడవడం లేదు. ధనరాజ్ పసిపిల్లాణ్ణి ఎత్తుకున్నట్టు ఎత్తుకుని కుర్చీలో కూర్చోబెట్టేవాడు. తల పక్కకు వాలకుండా నేను మెడ వెనక తువ్వాలు చుట్టి పెట్టేదాన్ని. మాట కూడా ముద్దముద్దగా అవుతోంది. ప్రభాకర్ అప్పుడప్పుడు వచ్చి నిలబడేవాడు. సంగతి తెలిసినప్పటినుంచి అతను జగదీశ్ కళ్లలోకి చూసేవాడు కాదు, కారును చూసి మాట్లాడేవాడు. జగదీశ్ జవాబిస్తే నా వైపు తిరిగేవాడు.

"ఏమంటున్నడమ్మా?"

"నీ బండి బాడీ మంచిగున్నదంటున్నడు అన్నా. మీ బాపు మంచిగ పెట్టిండంటున్నడు."

అతని మాట నాకొక్కదానికే తెలిసేది. మూడో డ్రమ్ము కోసం కొడుతున్నప్పుడు సుత్తె జారి నా ఎడమచేతి బొటనవేలి మీద పడింది. గోరు నల్లగా కమిలిపోయింది. నొప్పికంటే ముందు కోపం వచ్చింది. సుత్తెను గోడకేసి విసిరాను. ధనరాజ్ బయట ఆటోలో ఉన్నాడు. కోళ్లు అరుచుకుంటూ చెదిరిపోయాయి.

"ఎందుకిదంత? ఎవరి కోసం? ఈ బండి లేస్తే నువ్వు లేస్తవా?" అని అరిచాను.

జగదీశ్ చాలాసేపు నోరు కదిలించాడు. అప్పటికి ఒక్కొక్క మాటను కిందినుంచి తోడుకున్నట్టు తీసేవాడు.

"నాకు పని నేర్పాలనా? షెడ్డు నడుపుకొమ్మనా?" నేనే మళ్లీ అడిగాను. మొయినాబాద్‌లో అందరూ అదే అనుకుంటున్నారు. నేను కూడా అంతే అనుకున్నాను, మనసులో ఎక్కడో దానికి సంతోషించాను కూడా.

అతను తల అడ్డంగా ఊపాడు.

"ఇంట్ల ఉంటే... నన్నే చూస్తవ్," అన్నాడు. డ్రమ్ము వైపు కళ్లు తిప్పి, "ఈడయితే దాన్ని చూస్తవ్."

నేను గోడ దగ్గరికి పోయి సుత్తె తెచ్చుకున్నాను. వేలికి గుడ్డ చుట్టుకుని డ్రమ్ము ముందు కూర్చున్నాను. ఆ మధ్యాహ్నం దాకా కొడుతూనే ఉన్నాను. నేను అతని వైపు ఒక్కసారి కూడా తిరగలేదు. అతనికి కావలసింది అదే కదా.

మూడోది మే చివర్లో వచ్చింది.

నాలుగోది వెనక ఎడమవైపు చక్రం. సరిగ్గా దాని మీదే కొట్టం రేకుకు చిల్లు ఉంది. ఎన్ని వానాకాలాల నీళ్లు దాని మీద కారాయో. స్క్రూల తలలు అరిగిపోయి గుండుగా అయ్యాయి. వాటిని డ్రిల్లుతో తొలిచి తీశాను. వెనకనుంచి షూలను సడలించే చిన్న బోల్టు పానా పెట్టగానే విరిగిపోయింది. ఆయిల్ పోశాను. కొట్టాను. ధనరాజ్ కొట్టాడు. మొయినాబాద్ నుంచి వెల్డింగ్ చేసే స్వామిదాసును గ్యాస్ మంటతో సహా తీసుకొచ్చాం. డ్రమ్ము ఎర్రబడేదాకా కాల్చి, చల్లార్చి, మళ్లీ కొట్టాం. పుల్లర్ బిగిస్తూ పోతే దాని కొక్కెం ఒకటి ఫట్‌మని విరిగి నా చెవి పక్కనుంచి పోయింది.

"పైలం వదినె!" అని ధనరాజ్ నన్ను వెనక్కి గుంజాడు. "ఇగ బంద్ చెయ్యిరి. నా మాటినుర్రి."

నేను జగదీశ్ వైపు చూశాను. ఎప్పుడూ ఏదో ఒకటి చెప్పేవాడు. ఇట్ల చెయ్యి, అట్ల తిప్పు, రేపు మళ్లీ చూద్దాం. అతను డ్రమ్మునే చూస్తున్నాడు. నేను దగ్గరికి పోయి నోటి దగ్గర చెవి పెట్టాను.

"నాకు తెలిసింది... అయిపోయింది," అన్నాడు.

ఆ మాట ధనరాజ్‌కు అర్థం కాలేదు. ఏమంటున్నడని నన్ను అడిగాడు. ఇంటికి పోదామంటున్నడని చెప్పాను.

అయినా మేము రోజూ పోతూనే ఉన్నాం. నేను డీజిల్ పోసేదాన్ని, కాసేపు కొట్టేదాన్ని. అతను కుర్చీలో కళ్లు మూసుకుని ఉండేవాడు. చప్పుడు ఏమన్నా మారితే కళ్లు తెరుస్తాడని ఆశ పడేదాన్ని. మారలేదు.

మృగశిర కార్తె ముందురోజు మబ్బులు కమ్మాయి. పొద్దున్నే మేము పోయేసరికి కొట్టం ముందు జేసీబీ ఉంది. ప్రభాకర్ ఎదురొచ్చాడు. నిన్న పొద్దుననే రావలసింది, నేనే ఆపించాను, ఇంక ఆగేది లేదంటున్నారు వాళ్లు అన్నాడు. అతని గొంతులో అబద్ధం లేదు.

"ఎట్ల చేద్దాం జగదీశ్? నువ్వు చెప్పినట్టే."

ఈసారి అతని కళ్లలోకే చూసి అడిగాడు. జగదీశ్ నా వైపు కళ్లు తిప్పాడు. వంగి విన్నాను.

"ఏమంటున్నడమ్మా?"

నేను కారు వెనక ఎడమ చక్రాన్ని చూశాను. ప్రభాకర్ మళ్లీ అడిగాడు.

"గుంజమంటున్నడు," అన్నాను.

ముందర బంపర్ కింద గొలుసు కట్టారు. ఆటోలోనే కూర్చోబెట్టి ఉంచుదామంటే జగదీశ్ ఒప్పుకోలేదు. కుర్చీ వాకిట్లో వేయించుకున్నాడు. జేసీబీ వెనక్కి జరిగింది. గొలుసు బిగిసింది. కారు కొట్టంలోంచి మూడు చక్రాల మీద దొర్లుకుంటూ, నాలుగోదాన్ని ఈడ్చుకుంటూ వచ్చింది. వెలుతురులోకి వచ్చాక చూస్తే దాని నల్లరంగు ఇంకా అక్కడక్కడా మెరుస్తోంది. ధనరాజ్ ఒక్కక్షణం చప్పట్లు కొట్టబోయాడు. కొట్టం గడప రాయి దగ్గర పట్టేసిన చక్రం అడ్డుపడింది. డ్రైవరు ఇంకొంచెం గుంజాడు. కిందినుంచి దబ్బుమని ఒక చప్పుడు వచ్చింది. కారు వెనకభాగం ఎడమవైపుకు కూలబడింది. చక్రం అడ్డంగా తిరిగిపోయింది.

జేసీబీ ఆగింది. ప్రభాకర్ తలకు కట్టుకున్న తువ్వాలు విప్పి చేతిలో పట్టుకున్నాడు. మా బాపు బండి అని ఒక్కమాట అని అవతలికి పోయాడు. జగదీశ్ ముఖంలో నాకు ఏమీ కనబడలేదు. అప్పటికి అతని ముఖం కూడా అతని మాట వినడం మానేసింది.

తిరిగివస్తుంటే దారిలో వాన పట్టుకుంది. తొలకరి వాన, పెద్ద పెద్ద చినుకులు. ఆటోకు రెండువైపులా పరదాలు దించి, జగదీశ్ తల నా భుజం మీద ఆనించుకుని కూర్చున్నాను. ఊరు దాటాక అతను ఏదో అన్నాడు.

"ఏంది?"

మళ్లీ అన్నాడు. ఇంజన్ మోతలో, వాన చప్పుడులో వినబడలేదు. ధనరాజ్‌ను ఆపమన్నాను. అతను రోడ్డు పక్కకు తీసి ఇంజన్ బంద్ చేశాడు. వెనక్కి తిరిగి తను కూడా చెవి పెట్టాడు.

"మల్ల చెప్పు. ఇప్పుడు ఇనబడ్తది," అన్నాను.

చెప్పాడు. చిన్న మాట కాదు, కాస్త పొడుగు మాట. మధ్యలో ఒకచోట మకారమో బకారమో ఉంది.

"నీళ్లా? చలి పెడ్తున్నదా? అవ్వా? అవ్వను పిలువాల్నా?"

కాదని కళ్లతో అన్నాడు.

"బండి సంగతా? షెడ్డు సంగతా? నొప్పా? యాడ?"

కాదు. ఇంకోసారి చెప్పాడు, మెడనరాలు బిగబట్టి, ఒక్కొక్క అక్షరం విడదీసి. ఎన్నో వారాలుగా లోకంలో అతని మాట తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే. నాకు తెలియలేదు. ధనరాజ్ వైపు చూస్తే అతనూ తల అడ్డంగా ఊపాడు, తెలియలేదని. వాన కురుస్తూనే ఉంది. జగదీశ్ నన్ను చూసి పెదవి ఒకవైపు కదిలించాడు. నవ్వాడనే అనుకుంటాను. తరవాత కళ్లు మూసుకున్నాడు.

ఆ తరవాత అతను మాట కోసం ప్రయత్నించలేదు. కావాలంటే ఒకసారి కళ్లు ఆర్పేవాడు, వద్దంటే రెండుసార్లు. ఇంట్లో మంచం మీదే ఉన్నాడు. అత్తమ్మ రాగిజావ చెంచాతో పోసేది, నేను తల పట్టుకునేదాన్ని. అతన్ని చూడడం తప్ప ఇంక చూడడానికి నాకేమీ లేదు. చూశాను. బతుకమ్మ పాటలు వాడలో వినబడుతున్న రోజుల్లో, ఒక సాయంత్రం, జావ మింగుతూ మింగుతూ పోయాడు.

పదకొండో దినం నాడు చుట్టాలు నిండుగా వచ్చారు. ఆడవాళ్లు నన్నూ అత్తమ్మనూ మధ్యలో కూర్చోబెట్టారు. అందరూ ఏవేవో అంటున్నారు. ఉన్నట్టుండి అత్తమ్మ నా చెయ్యి పట్టుకుంది. ఎండాకాలం మొదలైనప్పటినుంచి ఆమె నన్ను తాకడం అదే మొదటిసారి.

"నా కొడుకు మాట నీకే తెలుస్తుండె. ఆఖరుకు ఏమన్నడు బిడ్డా?"

గుమ్మం దగ్గర ధనరాజ్ విస్తర్ల కట్ట పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"అవ్వను మంచిగ చూస్కొమ్మన్నడు అత్తమ్మా," అన్నాను.

ఆమె కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఏడుస్తూనే పక్కనున్నామెకు చెప్పింది. "ఇన్నవా? నా సంగతే అన్నడంట. నాలుక తిరగకున్నా నా సంగతే అన్నడంట." ఆమె ఇంకొకామెకు చెప్పింది. ధనరాజ్ నా వైపు ఒకసారి చూసి విస్తర్లు తీసుకుని లోపలికి వెళ్లిపోయాడు.

మా అన్న కొండకల్ నుంచి బండి తీసుకొచ్చాడు, దినాలయ్యాక నన్ను తల్లిగారింటికి తీసుకుపోవడానికి. మాకు పిల్లలు లేరు, ఇక్కడ ఉండి చేసేదేముందని ముందే అనుకున్న మాట. నేను సరేనన్నాను కూడా. నా బట్టల సంచి తలుపు వెనక సర్దే ఉంది. చుట్టాలు వెళ్లాక అన్న ఆ సంచి చేతిలోకి తీసుకున్నాడు. లోపల అత్తమ్మ పొయ్యి దగ్గర కూర్చుని, కొడుకు అన్నాడన్న మాట ఇంకా ఎవరికో ఫోనులో చెప్పుకుంటోంది.

"పోదమా? పొద్దు పోతున్నది," అన్నాడు అన్న.

"నేను రానన్నా."

"అదేందే? వస్తనంటివి గద?"

నేను సంచి అతని చేతిలోంచి తీసుకున్నాను.

"అత్తమ్మను చూస్కొమ్మన్నడు," అని అతనికి కూడా అదే చెప్పాను.